ట్రైలర్ తగిలిస్తే బండి లాగట్లేదా? పవర్ ఎక్కడ పోతోందో వరసగా ఇలా పట్టుకోండి

మా బావకి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో టిఫిన్ ట్రైలర్ ఉంది. మామూలు రోజుల్లో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర దోసెలు, ముహూర్తాలు మొదలైతే ట్రైలర్‌ని పికప్‌కి తగిలించుకుని కోలారు, ములబాగల్, పలమనేరు, చిత్తూరు దాకా పెళ్లిళ్లకి పోతాడు. పోయిన ఏడాది కార్తీకంలో బండి మొరాయించింది. ఖాళీగా అయితే బ్రహ్మాండంగా పోతుంది, ట్రైలర్ తగిలిస్తే లాగదు. మొదటి గ్యారేజీలో న్యూట్రల్‌లో నాలుగుసార్లు రేస్ చేసి "టర్బో వీక్ అయింది" (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టేది) అన్నారు, రెండో చోట డీజిల్ పంపు అన్నారు, ఇద్దరి ఎస్టిమేట్లు కలిపితే పాత కారొకటి కొనుక్కోవచ్చు. చివరికి దొరికింది తుప్పు పట్టిన ఒక వైరు. దాని సంగతి ఆఖర్న చెప్తాను, ఎందుకంటే దానికంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, మీ బండిలో వాటిలోనే ఏదో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ.

నేను బండ్ల మెకానిక్‌ని కాదు, అపార్ట్‌మెంట్లలో డీజిల్ జనరేటర్లు సర్వీస్ చేస్తాను. మా పనిలో జనరేటర్‌ని ఖాళీగా తిప్పి బాగుందని ఎవరూ సంతకం పెట్టరు, లోడ్ ఎక్కించి చూస్తారు. బండికీ అంతే. న్యూట్రల్‌లో ఎంత రేస్ చేసినా డీజిల్ టర్బో ప్రెషర్ పెద్దగా కట్టదు, అప్పుడు ఇంజిన్ కాల్చే డీజిలే కొంచెం, దాన్నుంచి వచ్చే వేడి పొగకి టర్బోని గట్టిగా తిప్పేంత బలం ఉండదు. కాబట్టి లోడ్ మీద వచ్చే రోగాన్ని లోడ్ మీదే పట్టుకోవాలి.

ముందు కాగితం, పెన్ను

"పికప్ లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎప్పుడు లేదు? ఎక్కుడులోనా, చదునులో కూడానా? స్టార్ట్ చేసిన దగ్గర్నుంచా, అరగంట తర్వాతా? ఏ గేర్, ఎంత ఆర్‌పీఎమ్? పొగ నల్లగా వస్తోందా, తెల్లగానా, అసలు రావట్లేదా? ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుపడుతుందా? పగలా, రాత్రా? ఈ ఆఖరి ప్రశ్న వింటే నవ్వొస్తుంది గానీ రాయండి. ఇవన్నీ ఒక పక్కకి పెట్టుకుంటే సగం పని అయినట్టే, ఎందుకంటే ఒక్కో లక్షణం ఒక్కో దిక్కు చూపిస్తుంది: అరగంట తర్వాత వస్తే వేడి గానీ డీజిల్ అందకపోవడం గానీ, ఆపి స్టార్ట్ చేస్తే పోతే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, కావాలని పవర్ తగ్గిస్తోంది, నల్లపొగతో వస్తే డీజిల్‌కి తగ్గ గాలి లేదు, పొగే లేకుండా బలహీనపడితే డీజిలే అందట్లేదు లేదా ఈసీయూనే ఇవ్వట్లేదు.

అసలు రోగమేనా, లెక్క చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. పికప్ సామానుతో 2000 కిలోలు, ట్రైలర్ 1000 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకి ఐదు మీటర్లు లేచే ఎక్కుడులో మొత్తం బరువులో 5 శాతం, అంటే 150 కిలోల బలం వెనక్కి లాగుతుంది. దాన్ని 60 కిలోమీటర్ల వేగంతో ఎక్కించడానికే దాదాపు 33 హార్స్‌పవర్ కావాలి. టైర్లు దొర్లడానికి ఇంకో తొమ్మిది, డబ్బాలాంటి ట్రైలర్ ముఖం గాలిని చీల్చుకుంటూ పోవడానికి సుమారు పది. మధ్యలో గేర్‌బాక్సు, యాక్సిల్ తినేది కలుపుకుంటే ఇంజిన్ దగ్గర 60 హార్స్‌పవర్ పైచిలుకు రావాలి. మీది 75 హార్స్‌పవర్ ఇంజిన్ అయితే ఆ 75 కూడా పై ఆర్‌పీఎమ్‌లోనే వస్తుంది, రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గర అంత ఉండదు. అందుకని టాప్ గేర్‌లో 60 నిలబడదు, గేర్ దించాల్సిందే. అదే ఎక్కుడులో 40కి తగ్గితే 37 హార్స్‌పవర్‌తో సరిపోతుంది. ఇది రోగం కాదు, లెక్క.

గాలి సంగతి ఇంకా మోసం. వేగం రెట్టింపైతే గాలి ఆపే బలం నాలుగు రెట్లు, దానికి కావలసిన పవర్ ఎనిమిది రెట్లు. "పికప్ ఒక్కటే అయితే వంద దాటుతుంది, ట్రైలర్‌తో 75 దాటట్లేదు" అనేవాళ్లలో సగం మందికి బండిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు బరువు. ఊహించొద్దు, కాటా వేయించండి. హోస్కోట రోడ్డులో వేబ్రిడ్జిలు బోలెడు. మొత్తం ఒకసారి, ట్రైలర్ విప్పి అది ఒక్కటే ఒకసారి. మా బావ "తొమ్మిది వందలుంటుందిలే" అన్న ట్రైలర్ 1380 తూగింది. మరి 300 లీటర్ల నీళ్ల ట్యాంకంటే 300 కిలోలు, కమర్షియల్ సిలిండర్‌లో గ్యాసే 19 కిలోలు, పైన ఆ ఇనుము బరువు, అలాంటివి నాలుగు, గ్రైండరు, చిన్న జనరేటరు, పెనాలు. నీళ్లు పెళ్లివారి ఊళ్లోనే పట్టుకో బావా అంటే ఆ ఊరి నీళ్లకి సాంబారు కుదరదంటాడు. బండి మాన్యువల్‌లో లాగగలిగే బరువు ఎంతని ఇచ్చారో, ఆర్‌సీలో మొత్తం బరువు ఎంతని ఉందో చూసి పోల్చుకోండి. దాటితే ఇక్కడే ఆగండి, మిగతా మెట్లు అనవసరం.

ఒక చిన్న సంగతి, చెన్నై నుంచి వచ్చేవాళ్ల కోసం. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. టర్బో లేని పెట్రోల్ బండి ఇక్కడ దాదాపు పదో వంతు పవర్ పోగొట్టుకుంటుంది, సీఎన్‌జీ కిట్ ఉంటే అది ఇంకో పది శాతం దాకా తింటుంది. టర్బో ఉన్నవాటికి ఆ తేడా పెద్దగా తెలియదు.

ఏదైనా వెనక్కి పట్టుకుంటోందా

ఇంజిన్ బాగానే ఇస్తూ, చక్రాలే తిరగనంటుంటే? పది కిలోమీటర్లు బ్రేక్ ఎక్కువ వాడకుండా నడిపి, పక్కకి ఆపి, పికప్‌వీ ట్రైలర్‌వీ అన్ని చక్రాల హబ్బుల దగ్గర వేడి చూడండి. చెయ్యి నేరుగా ఆనించకండి, దగ్గరగా పెడితే తెలిసిపోతుంది, లేదంటే జ్వరం గన్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటుంది, అది మేలు. వాహనాలకి పనికొచ్చేది కొనండి, జ్వరానిది 40 దాటితే చేతులెత్తేస్తుంది. ఒకే యాక్సిల్‌లో ఒక చక్రం రెండోదానికంటే 30 డిగ్రీలు ఎక్కువ ఉంటే అక్కడ బ్రేక్ పట్టేసింది లేదా బేరింగ్ పోతోంది. ట్రైలర్ బేరింగులకి గ్రీజు పెట్టించిన తేదీ గుర్తుందా? లేదు కదా.

చల్లారాక, మిగతా చక్రాలకి రాళ్లు పెట్టి, అనుమానం ఉన్న చక్రాన్ని జాక్ మీద లేపి చేత్తో తిప్పండి. ట్రైలర్‌కి ముందు కప్లింగ్ లోపలికి నొక్కుకుంటే పట్టే రకం బ్రేక్ ఉంటే ఆ కడ్డీ తుప్పుతో లోపలే ఇరుక్కుని ఉంటుంది, దాన్ని తప్పకుండా చూడండి. టైర్లలో గాలి కూడా. ట్రైలర్ టైర్‌లో గాలి తగ్గినా డ్రైవర్ సీట్లో ఏమీ తెలియదు, డీజిల్ బిల్లులోనే తెలుస్తుంది.

క్లచ్

ఇది తొందరగా తేలిపోతుంది. మాన్యువల్ గేర్ బండిలో ఒక గేర్‌లో ఒక వేగానికి ఆర్‌పీఎమ్ ఎప్పుడూ ఒకటే ఉండాలి, లోడ్ ఉన్నా లేకపోయినా. ఖాళీ బండిలో నాలుగో గేర్, ఫోన్ జీపీఎస్‌లో సరిగ్గా 60, అప్పుడు ఆర్‌పీఎమ్ ఎంతో పక్కవాళ్లని రాసుకోమనండి. ట్రైలర్‌తో ఎక్కుడులో మళ్లీ అదే గేర్, అదే వేగం. ఆర్‌పీఎమ్ రెండొందలు మూడొందలు ఎక్కువ చూపిస్తే క్లచ్ జారుతోంది. కాలిన వాసన వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆటోమేటిక్ అయితే ఈ పరీక్ష కుదరదు, దాంట్లో ఆయిల్ రంగు, వాసన చూడాలి, లోడ్ మీద పై గేర్ పడకుండా ఆపి చూడాలి.

బ్లూటూత్ రీడర్, రెండు నంబర్లు

ఎస్‌పీ రోడ్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఈఎల్‌ఎమ్327 రకం ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్ లెక్కల్ని ఫోన్‌లో చూపించేది) ఒకటి కొనుక్కోండి, ఫోన్‌లో ఏదో ఒక యాప్ వేసుకోండి. నడిపేవాళ్లు నడపాలి, ఫోన్ పక్కసీట్లో వాళ్లు చూడాలి. దీంట్లో రాజీ లేదు.

మొదట కీ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ సెన్సర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి కొలిచేది, చూడండి. బెంగళూరులో అది 91 కిలోపాస్కల్ దగ్గర చూపించాలి, చెన్నైలో అయితే 101. ఇంటర్నెట్‌లో అంతా 101 అని రాస్తారు, దాన్ని చూసి ఇక్కడివాళ్లు సెన్సర్ పోయిందని మార్పిస్తారు! అది ఇక్కడి గాలి ఒత్తిడి, అంతే. తర్వాత ట్రైలర్‌తో ఎక్కుడులో, మూడో గేర్‌లో, రెండు వేల నుంచి మూడు వేల ఆర్‌పీఎమ్ వరకు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి మళ్లీ చూడండి. చిన్న టర్బో డీజిళ్లలో చాలావాటికి 190 నుంచి 230 మధ్య రావాలి. 130, 140 దగ్గర నిలబడిపోతే టర్బో గాలి ఇంజిన్‌కి చేరట్లేదు.

రెండోది డీజిల్ రైల్ ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ పంచే గొట్టంలో ఒత్తిడి. ఐడిల్‌లో 250 నుంచి 350 బార్, లోడ్ మీద వెయ్యి దాటాలి. యాప్ కిలోపాస్కల్‌లో చూపిస్తే భయపడకండి, 30,000 అంటే 300 బార్. పైకి లేచి, లోడ్ పడే కొద్దీ కిందకి జారిపోతుంటే డీజిల్ అందట్లేదు.

ఈసీయూ దాచిపెట్టిన తప్పుల కోడ్స్ చదవండి, గానీ చెరిపెయ్యకండి. ముందు ఫొటో తీయండి. పీ0299 అంటే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) తక్కువ, పీ0087 అంటే రైల్ ప్రెషర్ తక్కువ, పీ2463 అంటే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) మసి నిండింది. కోడ్ రోగం పేరు కాదు, రోగం ఉన్న వీధి పేరు. పీ0299 వచ్చినంత మాత్రాన టర్బో మార్చేవాళ్లు కోకొల్లలు.

బూస్ట్ తక్కువైతే

టర్బో నుంచి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, అక్కడ్నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు హోసులు చూడండి. చీలిక దాదాపు ఎప్పుడూ కిందవైపు, కనబడని చోట ఉంటుంది, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, లోపల ప్రెషర్ పడ్డప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే వేళ్లతో నొక్కి, వంచి చూడాలి. కొంచెం నూనె చెమ్మ మామూలే, గానీ ఒక్కచోట దుమ్ము నూనె కలిసి నల్లగా పేరుకుని ఉంటే అక్కడే కారుతోంది. లోడ్ మీద బుస్సుమని శబ్దం, నల్లపొగ, రెండూ ఉంటే నేనైతే హోసు అనే పందెం కాస్తాను. ఖాయం చేసుకోవాలంటే టర్బో ముందున్న గాలి గొట్టాన్ని మూసి, పంక్చర్ షాపు గాలిని రెగ్యులేటర్‌తో ఒక బార్ లోపే పెట్టి, హోసుల మీద సబ్బునీళ్లు పోయండి, టైర్ పంక్చర్ వెతికినట్టే. హోసు, క్లాంపులు జేసీ రోడ్‌లో దొరకనివంటూ ఉండవు. ఇంటర్‌కూలర్ కిందా ఒకసారి తడమండి, రాయి తగిలి పగిలిన అల్యూమినియం కంటికి ఆనదు.

హోసులు బాగుంటే ఎయిర్ ఫిల్టర్. మెట్రో పనుల దుమ్ములో తిరిగే బండికి మాన్యువల్ చెప్పిన గడువు చెల్లదు. డబ్బా తెరిచినప్పుడు లోపల ఎలుకల గూడు కూడా చూడండి, నవ్వకండి, పార్కింగ్‌లో నెలపాటు ఆగిన బండిలో కొబ్బరిపీచుతో సహా నేనే తీశాను. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య గొట్టం పాతబడి మెత్తబడితే లోడ్ మీద లోపలికి పీల్చుకుపోయి దారి మూసేస్తుంది, ఆగి ఉన్నప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. ఆ తర్వాతే టర్బో పక్కనున్న చిన్న కడ్డీ, దాన్ని కదిలించే సన్నటి వాక్యూమ్ పైపులు. చాలా బండ్లలో స్టార్ట్ చెయ్యగానే ఆ కడ్డీ కదలాలి, కదలకపోతే పైపు చీలిందేమో, వాల్వు పోయిందేమో, కడ్డీ మసితో పట్టేసిందేమో. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయినా ఇదే బాధ, పొగ ఇంకా నల్లగా. ఇవన్నీ అయ్యాక కూడా బూస్ట్ రాకపోతే అప్పుడు టర్బో విప్పమనండి, షాఫ్ట్‌లో ఆట ఎంతుందో మీ కళ్లముందే చూపించమనండి.

డీజిల్ అందకపోతే

ముందు ఫ్రీగా అయ్యే పరీక్ష. బండి లాగడం మానేసిన వెంటనే సురక్షితంగా పక్కకి ఆపి డీజిల్ మూత తియ్యండి. హుష్‌మని గాలి గట్టిగా లోపలికి పోతే, తర్వాత బండి బాగా లాగితే, ట్యాంకుకి గాలి పీల్చుకునే దారి మూసుకుపోయింది. మూతో, వెంట్ పైపో, అంతే సంగతి.

అది కాకపోతే ఫిల్టర్. ఖాళీ బండికి కావలసిన డీజిల్ మూసుకుపోయిన ఫిల్టర్‌లోంచి కూడా వచ్చేస్తుంది, లోడ్ పడ్డప్పుడు చాలదు, అందుకే ట్రైలర్ తగిలిస్తేనే బయటపడుతుంది. కింద నీళ్లు వదిలే స్క్రూ ఉంటే సీసాలోకి వదిలి కాసేపు నిలబెట్టండి, అడుగున నీళ్లు విడిగా కనిపిస్తాయి. ఫిల్టర్ మారిస్తే వారం బాగుండి మళ్లీ మొదటికొస్తే ట్యాంకులోనే మురికి ఉంది, లోపలి జల్లెడ కడిగించాలి. పంపు, ఇంజెక్టర్లు ఇవన్నీ అయ్యాకే.

పొగ బయటికి పోకపోతే

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిళ్లలో చాలావాటికి డీపీఎఫ్ ఉంటుంది. దాంట్లో మసి కాలాలంటే పొగ దాదాపు 600 డిగ్రీలకి వెళ్లాలి, అంటే ఆగకుండా కాసేపు పరుగు కావాలి. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో అది జరగదు. రోజూ ఊళ్లోనే తిరిగి నెలకోసారి ట్రైలర్ లాగే బండికి ఇది సహజమైన జబ్బు. లైటు కొత్తగా వెలిగితే, ట్రైలర్ లేకుండా, మాన్యువల్ చెప్పిన వేగంలో హైవే మీద 20 నిమిషాలు నడిపితే తరచూ సర్దుకుంటుంది. ఇంజిన్ లైటు కూడా తోడైతే ఇక ఇంటి వైద్యం వద్దు. పాత బండ్లలో సైలెన్సర్ పైపు సొట్టపోయిందేమో వంగి చూడండి, ట్రైలర్‌తో రివర్స్ చేసేటప్పుడు గట్టుకి తగలడం మామూలే.

వేడి

కూలెంట్ 85 నుంచి 95లో ఉండాలి, 105 దాటుతుంటే చాలా ఈసీయూలు ముందు ఏసీ ఆపి, తర్వాత పవర్ తగ్గిస్తాయి. రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్‌కీ దానికీ మధ్య పేరుకున్న పురుగులు, మట్టి కడగండి, ఫ్యాన్ చూడండి. వేడిగా ఉన్నప్పుడు మూత తియ్యొద్దు.

పెట్రోల్ బండి లోడ్ మీద కొట్టుకుంటూ, ఇంజిన్ లైటు మినుకుమినుకుమంటే వెంటనే తొక్కడం ఆపండి, ప్లగ్గో కాయిలో మిస్ అవుతోంది, కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

ఇప్పుడు ఆ వైరు

మా బావ బండిలో పైవన్నీ చూశాను. బరువు తగ్గించాం, ఒక హబ్ బేరింగ్ మార్చాం, బూస్ట్ 210, రైల్ ప్రెషర్ బాగుంది. అయినా చిత్తూరులో పెళ్లి వంట ముగించి తిరిగొస్తూ మొగిలి ఘాట్‌లో మళ్లీ ఫోన్. "ఎవరో నా కాలి కింద యాక్సిలరేటర్‌ని పట్టుకున్నట్టుంది బామ్మర్దీ, పొగ లేదు, వేడి లేదు." పొద్దున్న అదే ట్రైలర్‌తో, అంతకంటే ఎక్కువ బరువుతో, హోస్కోట ఫ్లైఓవర్ మీద బాగానే ఎక్కింది కదా అన్నాను. అప్పుడు నా కాగితం తీసి చూస్తే కంప్లయింట్ వచ్చిన ఐదుసార్లూ రాత్రే.

మొదటి గ్యారేజీలో పీ0504 అని ఒక కోడ్ వచ్చిందట, "బ్రేక్ స్విచ్‌ది, పికప్‌కి సంబంధం లేదు" అని చెరిపేశారు. సంబంధం ఉంది. కొత్త బండ్లలో బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి తొక్కారని ఈసీయూకి అనిపిస్తే, భద్రత కోసం యాక్సిలరేటర్‌ని లెక్కచెయ్యదు. కాలు పెట్టకుండానే బ్రేక్ తొక్కినట్టు దానికి ఎవరు చెప్తున్నారు? ట్రైలర్ లైట్లు. ట్రైలర్ ఎర్త్ వైరు ఛాసిస్ దగ్గర తుప్పు పట్టి తెగినంత పనైంది. హెడ్‌లైట్ వేస్తే టెయిల్ బల్బులోకి వచ్చిన కరెంటుకి కిందకి పోయే దారి లేదు, అదే బల్బులో ఉన్న రెండో ఫిలమెంట్, అంటే బ్రేక్ లైట్ తీగ గుండా పికప్‌లోకి ఎదురెక్కుతోంది. పగలు లైట్లు వెయ్యడు కాబట్టి పగలు రోగం లేదు.

మీరు చూసుకోవడం తేలిక. చీకటి పడ్డాక బండి ఆపి, ట్రైలర్ ప్లగ్ పెట్టి, హెడ్‌లైట్లు వేసి, బ్రేక్ మీద కాలు లేకుండా వెనక్కి వెళ్లి చూడండి. పికప్ బ్రేక్ లైట్లు మసకగానైనా వెలుగుతుంటే ఎర్త్ పోయినట్టే. ఇండికేటర్ వేస్తే వేరే బల్బులు కూడా మినుకుమంటున్నా అంతే. తుప్పుని గీకి, మెరిసే ఇనుము మీద కొత్త థింబుల్ వేసి బోల్టు బిగించి, పైన గ్రీజు రాశాం. ప్లగ్‌లో ఎర్త్ పిన్నుని కూడా సాండ్ పేపర్‌తో రుద్దాం. వందరూపాయల పని. ఎర్త్‌ని హుక్ ద్వారా వస్తుందిలే అని వదిలెయ్యకుండా ప్లగ్ దాకా విడిగా లావు వైరు లాగించాను, గ్రీజు పూసిన బంతి కప్లింగ్ మంచి ఎర్త్ కాదు.

ఆ వారమే బావ మళ్లీ చిత్తూరు పోయాడు. రాత్రి పదకొండున్నరకి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో టీ తాగుతూ ఫోన్ చేశాడు, బండి గురించి ఒక్క మాట లేదు, పెళ్లివారు బ్యాలెన్స్ డబ్బులు ఇవ్వలేదని గొడవ.